పొద్దున టోకెన్, సాయంత్రం జబ్బు

నా ఎడమ కంటి రెప్ప మొదటిసారి వాలిపోయిన సాయంత్రం దుకాణంలో పెళ్లివారి బేరం నడుస్తోంది. మాది గాజుల దుకాణం. చార్మినార్ పక్క గల్లీలో మా మామగారి నాన్న పెట్టినది. మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను హుస్సేనీ ఆలంలోని మా ఇంటి నుంచి వెళ్లి గాజుల పెట్టెల ముందు కూర్చుంటాను. ఆడవాళ్ల చేతులకు గాజులు ఎక్కించడం నా పని, మాట్లాడటం మా ఆయన పని అని మేం అనుకుంటాం. రెండూ నేనే చేస్తానని చుట్టుపక్కల దుకాణాల వాళ్లందరికీ తెలుసు.

ఆ రోజు ఒకావిడ చెయ్యి పట్టుకుని ఎర్ర మట్టిగాజులు ఎక్కిస్తున్నాను. ఆవిడ భర్త వెనక నిలబడి ఉన్నాడు. తలెత్తి అతనికేసి చూసి, "ఇంకో జత సూపియ్యాల్నా అన్నా?" అని అడిగాను. అతను చటుక్కున భార్య వెనక్కి జరిగాడు. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. ఎక్కించిన గాజులు ఒక్కొక్కటే తీసి పెట్టెలో పెట్టి, భర్త మోచెయ్యి పట్టుకుని ఎదురు దుకాణంలోకి నడిపించుకుపోయింది.

మా ఆయన మెల్లగా నా పక్కకు వచ్చి కూర్చున్నాడు.

"ఆయనకెందుకు కన్ను కొట్టినవ్?" అని అడిగాడు. కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టుంది.

"నేనెందుకు కొడ్త?"

"కొట్టినవ్. ఇప్పుడు నాకు గూడ కొడుతున్నవ్."

గాజుల దుకాణం అంటే గోడల నిండా అద్దాలే. ఎటు తిరిగినా నేనే కనబడ్డాను. ఎడమ రెప్ప సగానికి దిగి ఉంది, నమాజు వేళకు మా పక్క దుకాణం చాచా సగం దించే షట్టర్ లాగా. వేలితో పైకెత్తితే లేచింది, వదిలితే మళ్లీ దిగింది. అలసట అనుకుని ఇంటికెళ్లి పడుకున్నాను. పొద్దున లేచేసరికి రెండు కళ్లూ సమానంగా ఉన్నాయి. సాయంత్రానికి మళ్లీ షట్టర్.

అలా ఒక నెల గడిచింది. ఆ నెలలో కొత్త కొత్తవి వచ్చి చేరాయి. సాయంత్రమయ్యేసరికి ఒక్కోటి రెండుగా కనబడేది. డజను అనుకుని కట్టి ఇచ్చినవి అర డజనే ఉన్నాయని ఒకావిడ వచ్చి నిలదీసింది. జడ వేసుకుంటుంటే చేతులు మధ్యలోనే దిగిపోయేవి. రాత్రి భోజనంలో జొన్నరొట్టె నాలుగు ముక్కలు నమిలేసరికి దవడ ఇక చాలని ఆగిపోయేది.

రొట్టెలు చేసేది మా అత్తమ్మ. డెబ్బై దాటినా ఆ పని ఎవరికీ ఇవ్వదు. నేను నమలడం ఆపి కూర్చుంటే ఆమె నా పళ్లెం వంక చూసేది.

"గట్టిగున్నదా?" అని అడిగింది మొదటి రోజు.

"లేదత్తమ్మా, మంచిగనే ఉంది. నమలస్తలేదు."

"మంచిగుంటే ఎందుకు నమలస్తలేదు?"

రెండో రోజు రొట్టె పల్చగా చేసింది. మూడో రోజు ఇంకా పల్చగా. వారం తిరిగేసరికి ఆ రొట్టెలోంచి అవతలి గోడ కనబడుతుందేమో అనిపించింది. అయినా నా దవడ ఆగిపోవడం చూసి, ఇది రొట్టె తప్పు కాదని ఆమె తీర్మానించింది. "డాక్టర్ దగ్గరికి పోదాం పా" అంది.

డాక్టర్ల విషయంలో అత్తమ్మకు ఒక నియమం ఉంది. మొదటి టోకెన్ తీసుకోవాలి. పొద్దున డాక్టర్ బుర్ర తాజాగా ఉంటుందని, పదిమంది గోడు విన్నాక అది పాడైపోతుందని ఆమె నమ్మకం. తలుపు తెరవక ముందే వెళ్లి మెట్ల మీద కూర్చోవాలి. ఈ నియమం వల్లే మేం నెలల తరబడి తిరగబోతున్నామని అప్పుడు మాకు తెలియదు.

ముందు మా గల్లీ డాక్టర్ సాబ్ దగ్గరికి వెళ్లాం. పెద్దాయన. మా ఆయన పుట్టినప్పటి నుంచీ మా ఇంట్లో అందరి జ్వరాలూ ఆయనవే. నాడి పట్టుకున్నాడు, ఇంకో చేత్తో ఫోను పట్టుకున్నాడు. ఫోన్లో ఎవరితోనో బిర్యానీలో ఉప్పు గురించి మాట్లాడుతూనే నా వంక చూసి, "క్యా హోరా అమ్మా?" అన్నాడు. నేను చెప్పాను. ఉప్పు సంగతి తేలాక ఫోను పెట్టేసి, "కమ్జోరీ హై. ఔర్ కుచ్ నై" అన్నాడు. నీరసం, అంతే.

"మరి కన్ను ఎందుకు దిగుతున్నది సాబ్?" అని అత్తమ్మ అడిగింది.

"నీంద్ కమ్ హోరీ."

"కమ్ ఏడిది, రోజూ పదింటికే పంటది."

"తో జ్యాదా హోరీ" అన్నాడు ఆయన, ఏమాత్రం తడుముకోకుండా.

తక్కువైనా ఎక్కువైనా నిద్రే కారణం కాబట్టి బలానికి ఒక సూది, ఎర్రటి సిరప్ సీసా రాసిచ్చాడు. సిరప్ తియ్యగా ఉండేది. అది ఎక్కువగా అత్తమ్మే తాగింది, ఆమెకు బలం వచ్చింది.

తర్వాత కళ్ల డాక్టర్. అక్కడా మొదటి టోకెన్. ఆయన నా గడ్డం ఒక యంత్రం మీద పెట్టించి, లైటు వేసి, అక్షరాలు చదివించాడు. పొద్దున కాబట్టి కింది వరస దాకా గడగడా చదివేశాను. చదువుతుంటే నాకే సిగ్గేసింది, దొంగ జబ్బు చెప్పుకోవడానికి వచ్చినట్టు.

"సాయంత్రం అయితే రెండు రెండు కనబడ్తయ్ సార్," అన్నాను. "దుకాణం బంద్ చేసి బయటికొస్తే చార్మినార్‌కు ఎనిమిది మినార్లు ఉంటయ్."

ఆయన కాసేపు నా వంక చూశాడు. తర్వాత నవ్వాడు. పక్క గదిలో ఉన్న అసిస్టెంటును పిలిచి, "ఇగో, అమ్మకు ఎనిమిది మినార్లు కనబడ్తయంట, విను" అని నా చేత మళ్లీ చెప్పించాడు. ఇద్దరూ నవ్వారు. వాళ్లు అంత మనస్ఫూర్తిగా నవ్వుతుంటే నేను కూడా కొంచెం నవ్వాను. అదే పొరపాటు. జబ్బు మనిషి నవ్వితే ఇక ఆ జబ్బును ఎవరూ పట్టించుకోరని అక్కడే తెలిసింది. నలభై దాటింది కాబట్టి దగ్గరి చూపు తగ్గిందని కళ్లజోడు ఇచ్చాడు. కళ్లజోడు మంచిదే. ఆ సాయంత్రం నుంచి ఎనిమిది మినార్లూ చాలా స్పష్టంగా కనబడ్డాయి.

మధ్యలో ఒక లేడీ డాక్టర్ "నెలసరి ఆగే వయసు కదమ్మా, ఇట్లనే ఉంటది" అంది. మా దూరపు చుట్టం ఒకావిడ దిష్టి అంది. ఇద్దరిలో దిష్టి తీసినావిడే నా మాట పూర్తిగా విన్నది.

ఐదో నెలలో మా ఆయన పట్టుబట్టి చాంద్రాయణగుట్ట వైపు ఒక పెద్ద డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఏసీ గది, కంప్యూటరు, గోడ మీద గుండె బొమ్మ. డాక్టరుకు యాభై ఏళ్లుంటాయి. మాట మెత్తన, పుస్తకంలోలాగా ఉంటుంది. మేం ముగ్గురం వెళ్లి కూర్చున్నాం, నేను మధ్యలో. ఆయన కంప్యూటర్ తెర వంక చూస్తూ మా ఆయనను అడిగాడు.

"ఏమిటి ఈవిడ ప్రాబ్లం?"

మా ఆయన నా వంక చూశాడు. నేను చెప్పాను. కన్ను, దవడ, చేతులు, అన్నీ. ఆయన టైపు చేశాడు. ఏం టైపు చేశాడో గానీ నేను చెప్పిన దానికంటే చాలా చిన్నగా ఉంది. చేతులు ఎత్తమంటే ఎత్తాను. కళ్లు మూసి తెరవమంటే తెరిచాను. అన్నీ బ్రహ్మాండంగా చేశాను.

నా దగ్గర ఫోటోలు ఉన్నాయి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, వారం రోజులు తీసి పెట్టుకున్నాను. ఫోను చాపితే ఆయన రెండు చూశాడు.

"ఫోటోల్లో ఎవరి కళ్లూ ఒకేలా రావమ్మా. అది యాంగిల్."

ఫోను వెనక్కి ఇచ్చి, ఈసారి గొంతు ఇంకా మెత్తగా చేసి మా ఆయనను అడిగాడు: "ఇంట్లో ఏమైనా టెన్షన్సా?"

అడిగింది మా ఆయననే గానీ, డాక్టర్ చూపు ఒక్క క్షణం అత్తమ్మ మీద ఆగింది. అత్తమ్మ కొంగు సర్దుకుంది. నేను "ఏం లేవు సార్" అన్నాను. లేవంటే ఉన్నట్టేనని ఆయన తల పంకించి, మనసు కుదుటపడటానికి మాత్రలు రాశాడు. "బాగా రెస్ట్ తీసుకోండి, ఎక్కువ ఆలోచించకండి" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అత్తమ్మ నోరు విప్పలేదు. ఆమె నోరు విప్పకుండా అంత దూరం రావడం నా పెళ్లయ్యాక అదే మొదటిసారి. మర్నాటి నుంచి ఇంట్లో వింత మొదలైంది. పొద్దున లేచేసరికి నా చాయ్ నా మంచం దగ్గరికి వచ్చింది. కూర ఏం చెయ్యాలని నన్ను అడిగింది. ఇరవై రెండేళ్లలో ఆ ప్రశ్న నేనెప్పుడూ వినలేదు. నా జడ తనే వేస్తానని కూర్చోబెట్టుకుంది. మూడు రోజులు ఈ మర్యాద భరించాను. నాలుగో రోజు ఆమే ఆగలేకపోయింది. జడ వేస్తూ వేస్తూ చేతులు ఆపింది.

"నేను నిన్ను సతాయిస్తున్ననా బిడ్డా?"

"లేదత్తమ్మా."

"నిజం చెప్పు. నేనేం అనుకోను."

"ఎప్పుడన్న ఒకసారి సతాయిస్తవ్. గంతకు కన్ను దిగదు."

ఆమె ఇంకో పాయ అల్లింది. "మరి ఆ డాక్టర్ నా మొకం జూసి ఎందుకడిగిండు?"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు జబ్బు చేసిన ఇన్ని నెలల్లో నన్ను చూసి జాలిపడ్డవాళ్లున్నారు, నవ్వినవాళ్లున్నారు. కానీ ఆమెను చూసి ఆ రోజు నాకు డాక్టర్ మీద మొదటిసారి కోపం వచ్చింది. నా రోగం కనుక్కోలేకపోతే పోనీ. ఊరికే ఉన్న ముసలావిడ మీద దాన్ని వేసి పంపాడు.

ఆ మాత్రలతో నిద్ర బాగా పట్టేది, మేలుకుని ఉన్నప్పుడు కూడా. మగత ఎక్కువై కన్ను ఇంకా ముందే దిగడం మొదలైంది. పది రోజులకు మళ్లీ వెళ్లి, మాత్రలు పడటం లేదని చెప్పాం. అదీ పొద్దున్నే, అదీ మొదటి టోకెనే. "అలవాటవుతుంది" అన్నాడు. మూడు నిమిషాల్లో బయట ఉన్నాం. ఆ మాత్రలు నేనే మానేశాను.

ఏడో నెలలో ఒక సాయంత్రం భయం పట్టుకుంది. దుకాణంలో మంచినీళ్లు తాగుతుంటే మింగుడు పడక నీళ్లు ముక్కులోంచి వచ్చాయి. దగ్గు, ఊపిరాడని ఒకటి రెండు క్షణాలు. తేరుకుని మాట్లాడబోతే గొంతు ముక్కుతో వచ్చింది, జలుబు చేసిన చిన్నపిల్ల మాటలాగా. పక్క దుకాణం చాచా తస్బీహ్ పూసల దండ పక్కన పెట్టి లేచి వచ్చి, "క్యా హువా బేటీ?" అన్నాడు. మా ఆయన నా వీపు రాస్తూ ఉన్నాడు. అప్పటిదాకా నేను కూడా లోపల ఎక్కడో అనుకుంటూ ఉన్నాను, నిజంగానే ఇది నా మనసు చేస్తున్న లొల్లి ఏమోనని. నలుగురు చదువుకున్నవాళ్లు జబ్బేమీ లేదని చెప్తే నమ్మకుండా ఉండటం కష్టం. కానీ నీళ్లు ముక్కులోంచి వచ్చాక నమ్మకం పోయింది. మనసుకు అంత తెలివి లేదు.

మర్నాడు పొద్దున అద్దం ముందు కూర్చున్నాను. కళ్లు రెండూ కొత్త లైటు బల్బుల్లాగా ఉన్నాయి. గొంతు గంటలాగా ఉంది. ఏ డాక్టర్ చూసినా ఏమీ లేదనే అంటాడు, నేనైనా అదే అంటాను. అప్పుడు తట్టింది. ఇంతమంది దగ్గరికి వెళ్లాం, ఎవరి దగ్గరికీ జబ్బును తీసుకుని వెళ్లలేదు. అది సాయంత్రం వస్తుంది. మేం పొద్దున వెళ్తాం.

అత్తమ్మకు చెప్పాను. మొదటి టోకెన్ వద్దు, ఆఖరి టోకెన్ తీసుకుందాం అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. తన నియమం ఇలా ఎదురు తిరుగుతుందని ఆమె అనుకోలేదు.

"ఏ డాక్టర్ దగ్గరికి?" అన్నాడు మా ఆయన. "ఇంకో కొత్త డాక్టర్ను చూద్దాం."

"లేదు. ఆ చాంద్రాయణగుట్ట డాక్టర్ దగ్గరికే పోవాలె. ఆయనే చూడాలె."

"ఆయన మళ్ల టెన్షనే అంటడు."

"అననియ్యి. నా మొకం జూసి అననియ్యి."

ఇంకో మాట కూడా చెప్పాను. వెళ్లే రోజు మధ్యాహ్నం నేను నడుం వాల్చను, దుకాణానికి నడిచే వెళ్తాను, వచ్చిన ప్రతి గిరాకీకీ నేనే గాజులు తొడుగుతాను. అలిసిపోయి వెళ్లాలి. మా ఆయన తల పట్టుకున్నాడు. "అందరు జబ్బు పోవాల్నని డాక్టర్ దగ్గరికి పోతరు. నువ్వు జబ్బు తెచ్చుకొని పోతనంటున్నవ్."

అత్తమ్మకు మాత్రం సంగతి అర్థమైంది. అర్థమయ్యాక ఆమె నాకంటే ఉత్సాహంగా రంగంలోకి దిగింది.

ఆ రోజు అదృష్టం కొద్దీ శాలిబండ నుంచి ఒక పెళ్లి గుంపు వచ్చింది. అక్కలు, చెల్లెళ్లు, వదినలు, వాళ్ల అత్తలు. ఒక్కో చేతికీ పిడికిలి నొక్కి, బొటనవేలు మడిచి, గాజు తర్వాత గాజు ఎక్కిస్తూ, వాళ్లతో ఎడతెగకుండా మాట్లాడాను. ఏ రంగు ఏ చీరకు, ఏ వదినకు ఏ అత్తతో పడదు, అన్నీ. నాలుగు గంటలకు కన్ను దిగడం మొదలైంది. ఐదున్నరకు ఇంకో కన్ను కూడా తోడు వచ్చింది. ఇంత సంతోషంగా నేనెప్పుడూ గుడ్డిదాన్ని కాలేదు.

అత్తమ్మ ఇంటి నుంచి ఆటోలో వచ్చింది, చేతిలో టిఫిన్ డబ్బా. అందులో జొన్నరొట్టె. పల్చనిది కాదు, పాత పద్ధతిలో దిట్టంగా చేసినది. దుకాణం మూసి మా ఆయన కూడా ఆటో ఎక్కాడు.

"నములు" అంది ఆటో కదలగానే.

"ఇప్పుడెందుకత్తమ్మా?"

"దవడ గూడ ఆగిపోవాలె గద. చిన్న చిన్న ముక్కలు నములు, మింగకు, కష్టమైతే ఉమ్మెయ్యి."

రెండు ముక్కలకే దవడ వేలాడింది. ఇక గొంతు మిగిలింది. దానికి కూడా ఆమె దగ్గర ఉపాయం ఉంది. తన పెళ్లిలో జరిగిన గొడవ నన్ను చెప్పమంది. ఆ కథ ఆమె నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు, నేను తిరిగి ఆమెకు చెప్పడం మాత్రం అదే మొదలు. వరపూజ దగ్గర మొదలుపెట్టాను. మధ్య మధ్యలో ఆమె తప్పులు దిద్దింది. ఫ్లైఓవర్ కింద సిగ్నల్ దగ్గరికి వచ్చేసరికి కథ అప్పగింతల దాకా వచ్చింది, నా గొంతు ముక్కులోకి వెళ్లిపోయింది. ఆటో అతను అద్దంలోంచి మమ్మల్ని చూసి, ఎందుకైనా మంచిదని మెల్లగా నడిపాడు.

క్లినిక్‌లో ఆఖరి టోకెన్ మాదే. లోపలికి వెళ్లేసరికి డాక్టర్ కళ్లజోడు పెట్టెలో పెట్టుకుంటున్నాడు. మమ్మల్ని చూసి మళ్లీ తీసి పెట్టుకున్నాడు. తెర వంక చూశాడు.

"మీరు ముందు వచ్చారు కదూ. ఆ మాత్రలు వాడుతున్నారా?"

"లేదు సార్" అన్నాను. అంటే అనాలనుకున్నాను. వచ్చింది మాత్రం ముక్కుతో, నానిన అట్ట మీద అక్షరాల్లాగా చెదిరిపోయి వచ్చింది.

ఆయన తల తిప్పి నా ముఖం చూశాడు. మూడుసార్లు వెళ్లిన ఆ గదిలో ఆయన నా ముఖం చూడటం అదే మొదటిసారి. కుర్చీ వెనక్కి జరిపి లేచి వచ్చాడు. వేలు పైకెత్తి, దాన్నే చూస్తూ ఉండమన్నాడు. చూస్తూనే ఉన్నాను, రెండు రెప్పలూ మెల్లగా దిగిపోయాయి, వేలు కనబడటం మానేసింది. చేతులు ముందుకు చాపమన్నాడు. చాపాను, అవి తమంతట అవే ఒడిలోకి వచ్చి కూర్చున్నాయి. ఒకటి నుంచి లెక్కపెట్టమన్నాడు. ఇరవై దాటాక నేను చెప్పేది ఏ అంకెనో నాకే తెలియలేదు.

"ఎప్పట్నుంచి ఇలా ఉంది?" అన్నాడు.

"ఏడు నెలలాయె సార్" అని మా ఆయన అన్నాడు. "మీకు రెండుసార్లు చెప్పినం."

డాక్టర్ బయటికి వెళ్లి అటెండరుతో ఏదో చెప్పి వచ్చాడు. కాసేపటికి అటెండరు కింది జ్యూస్ సెంటర్ నుంచి ఒక గ్లాసులో ఐసు ముక్కలు తెచ్చాడు. గ్లాసు కడగలేదేమో, బత్తాయి వాసన వస్తోంది. డాక్టర్ ఐసును గుడ్డలో చుట్టి నా ఎడమ రెప్ప మీద పెట్టి, గడియారం చూస్తూ నిలబడ్డాడు. రెండు నిమిషాలైంది. తీశాక కన్ను తెరవమన్నాడు.

తెరుచుకుంది. పూర్తిగా. అత్తమ్మ లేచి వచ్చి నా ముఖం దగ్గర ముఖం పెట్టి చూసింది. "అయ్యో, మంచిగ లేచింది గదనే" అంది.

డాక్టర్ కూర్చున్నాడు. కాసేపు బల్ల మీద పెన్ను అటూ ఇటూ దొర్లించాడు.

"ఇది టెన్షన్ కాదమ్మా. నరానికీ కండకీ మధ్య వచ్చే జబ్బులా ఉంది. ఆ జబ్బైతేనే చల్లదనానికి రెప్ప ఇలా లేస్తుంది. రేపే న్యూరాలజిస్టు దగ్గరికి పంపుతాను, నేను ఫోన్ చేసి చెప్తాను. మింగడం కష్టమైనా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చెయ్యకుండా పెద్ద హాస్పిటల్‌కు వెళ్లిపోండి." కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "మీరు ముందే సరిగ్గా చెప్పారు. నేను వినలేదు. సారీ."

ఆ మాట కోసం ఎదురుచూశానని నాకు అంతవరకు తెలియదు. గెలిచినట్టు ఉంటుందనుకున్నాను, ఉండలేదు. ఒళ్లంతా తేలికైపోయింది. ఎడమ చెంప మీద కారుతున్నవి ఐసు నీళ్లో కన్నీళ్లో తుడుచుకునే ఓపిక కూడా లేక అలా కూర్చున్నాను. ఏడ్వడం కూడా సాయంత్రం పూట సరిగ్గా చేతకాలేదు.

అత్తమ్మ మాత్రం తన పని మరిచిపోలేదు.

"సారూ, అయితే మా ఇంట్ల టెన్షన్ ఏం లేదు గద?"

"లేదమ్మా. దానికీ దీనికీ సంబంధం లేదు."

"గట్లయితే కాయితం మీద రాసియ్యుండ్రి."

మా ఆయన "అమ్మా" అన్నాడు. ఆమె కదల్లేదు. డాక్టర్ ఆమె వంక చూశాడు. నవ్వు వచ్చినా ఆపుకున్నాడు, అందుకు ఆయనకు నా తరఫున ఒక దండం. మందుల చీటీ కింది భాగంలో తెలుగులో, గుండ్రటి అక్షరాలతో, "ఈ జబ్బు ఇంటి టెన్షన్ వల్ల వచ్చినది కాదు" అని రాసి సంతకం పెట్టాడు. ఆ చీటీ జిరాక్సు ఇప్పటికీ మా ఫ్రిజ్ తలుపు మీద ఉంది. వచ్చిన చుట్టాలందరూ చదివే వెళ్లాలి.

తర్వాతి సంగతులు త్వరగానే జరిగాయి. రక్తపరీక్ష, నరాలకు చిన్నగా కరెంటు తగిలించి చేసే పరీక్ష, ఛాతీ స్కానింగ్. జబ్బు పేరు మయస్థీనియా గ్రేవిస్ అని తేలింది. నరాల డాక్టరమ్మ బొమ్మ గీసి చెప్పింది. నరం చెప్పేది చెప్తూనే ఉంటుంది, కండకు అది సరిగ్గా అందదు. మన ఒంటిలోని కాపలాదార్లే పొరపాటున దారికి అడ్డం నిలబడతారు. వాడుతున్న కొద్దీ కండ అలిసిపోతుంది, విశ్రాంతి ఇస్తే లేస్తుంది. అత్తమ్మ దీన్ని గల్లీ అంతా ప్రచారం చేసింది. "ఏందో మాస్తీనా గీస్తీనా అంట. పొద్దుగాల ఉండదు, సాయంత్రం వస్తది" అని.

ఆ వార్త గల్లీ డాక్టర్ సాబ్‌కూ చేరింది. ఒకసారి దారిలో కనబడితే, ఆ పేరుకు అర్థం ఏమిటని అడిగాడు. కండరాల నీరసం అని డాక్టరమ్మ చెప్పిందన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "మై బోలా థా నా అమ్మా, కమ్జోరీ హై బోల్‌కే." నీరసమని ముందే చెప్పలేదా అని. చెప్పిన మాట నిజమే. కాదనడానికి నాకు దారి దొరకలేదు.

ఇప్పుడు రోజుకు నాలుగుసార్లు మాత్ర. వేసుకున్న అరగంటకు రెప్పలు లేస్తాయి, దవడ ఒప్పుకుంటుంది. ఇంకో రకం మాత్రలకు ముఖం ఉబ్బింది. పెళ్లిళ్లలో చుట్టాలు "మంచిగ ఒళ్లు చేసినవ్, ఇగ జబ్బేంది" అంటారు. నయమైపోయిందా అంటే లేదు. ఎండాకాలం బాగా కష్టం. కొన్ని రోజులు దుకాణానికి వెళ్లను, వెళ్లినా గాజులు తొడగను, చూపిస్తాను. ఆ రోజుల్లో మా ఆయన తొడుగుతాడు, ఆడవాళ్లు నవ్వుతారు, ఆయన చెవులు ఎర్రబడతాయి. కానీ ఇది నా ఊహ కాదు, దీనికొక పేరుంది, వేళ ఉంది, మాత్ర ఉంది. పేరు తెలిసిన రోజు నుంచి భయం సగం తగ్గింది.

మొన్న పన్ను నొప్పి వచ్చింది. ఈ జబ్బుకు కొన్ని మందులు పడవు కాబట్టి ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ముందే చెప్పాలి. చెప్పిన ప్రతిసారీ ఎదుటివాళ్ల ముఖంలో ఒక చిన్న విసుగు కదులుతుంది, నాకు అలవాటైంది. పళ్ల డాక్టర్ కుర్రాడు, కొత్తగా బోర్డు పెట్టాడు. నేను జబ్బు పేరు చెప్పి, విసుగు కోసం ఎదురు చూశాను.

"చదువుకున్న మేడం, గని ఇంతవరకు ఇట్లాంటి పేషెంటును చూడలే" అన్నాడు. "నాకు పూర్తిగ తెల్వదు. మీ డాక్టరమ్మ నంబర్ ఉంటే ఇయ్యుండ్రి, అడిగినంకనే సూది వేస్త."

నంబరు ఇచ్చాను. ఆయన బయటికి వెళ్లి పది నిమిషాలు మాట్లాడాడు. ఒక కాగితం మీద ఏదో రాసుకుని వచ్చాడు, నాకు చూపించాడు, అప్పుడు పని మొదలుపెట్టాడు.

బయట బెంచీ మీద కూర్చున్న అత్తమ్మకు ఇంటికి వెళ్లేటప్పుడు ఈ సంగతి చెప్పాను.

"తెల్వదని చెప్పిండా? ఆయన నోటితోనే?"

"అవునత్తమ్మా."

ఆమె ఆటో ఎక్కబోతూ ఆగింది. వెనక్కి తిరిగి క్లినిక్ బోర్డు చూసింది. ఆమెకు మిగిలినవి ఐదు పళ్లు.

"నాకు గూడ ఒక టోకెన్ రాయించు" అంది.